బడి తెరుస్తున్నారు సరే, మట్టి ఎవరు చూశారు?

లాస్ ఏంజెలెస్ మంటలు 2025 జనవరి 7న మొదలయ్యాయి. పాలిసేడ్స్, ఈటన్ మంటలు రెండూ కలిసి 16 వేలకు పైగా కట్టడాలను బూడిద చేశాయి. సుమారు 3 వేల మంది పిల్లలున్న పాలిసేడ్స్ చార్టర్ హైస్కూల్లో కొంత భాగం కాలిపోయింది. పిల్లలు కొన్నాళ్లు ఆన్‌లైన్‌లో, ఆ తర్వాత శాంటా మోనికాలోని పాత సియర్స్ దుకాణం భవనంలో చదివి, 2026 జనవరిలో సొంత బడికి తిరిగొచ్చారు. పసడీనా స్కూల్ డిస్ట్రిక్ట్ ఏడాది ఆగలేదు. కాలకుండా మిగిలిన బడులను ఆ జనవరి చివరి వారాల్లోనే విడతలవారీగా తెరిచింది.

ఒకచోట ఏడాది, ఇంకోచోట మూడు వారాలు. అయినా రెండు చోట్లా తల్లిదండ్రులు రెండుగా చీలారు. పంపుదామన్నవాళ్లు నిర్లక్ష్యపు మనుషులూ కాదు, వద్దన్నవాళ్లు పిరికివాళ్లూ కాదు. కోవిడ్ కాలంలో ఆన్‌లైన్ చదువు పిల్లల్ని ఏం చేసిందో చూసినవాళ్లు మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టడానికి ఒప్పుకోరు. ఇల్లు కాలిపోయిన పిల్లవాడికి మిగిలింది స్నేహితులూ టీచర్లే అయినప్పుడు, బడి మూసి ఉంచడం కూడా ఒక హానే. అవతలివాళ్ల ప్రశ్న కూడా తీసిపారేసేది కాదు: కంటికి కనిపించని సీసం, ఆస్‌బెస్టాస్ సంగతి ఎవరు చూశారు?

ఇలాంటప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో మొదట వచ్చేది ఫోన్‌లో ఏక్యూఐ స్క్రీన్‌షాట్. "ఆకుపచ్చగా ఉంది కదండీ, ఇంకేం భయం?" అని. ఆ అంకె లెక్కేసేది సన్నని ధూళి కణాలు, ఓజోన్ వంటి కొన్నిటిని మాత్రమే. ఆ ధూళిలో సీసం ఉందా, ఆస్‌బెస్టాస్ పీచు ఉందా అన్నది అది చెప్పదు. అడవి కాలితే వచ్చే పొగ వేరు, ఊరు కాలితే వచ్చే బూడిద వేరు. 1978కి ముందు కట్టిన ఇళ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు. ఆల్టడీనాలో కాలిపోయినవాటిలో చాలా వరకు అలాంటి పాత ఇళ్లే. వాటికి తోడు కార్లు, బ్యాటరీలు, ప్లాస్టిక్ సామాన్లు. గాలి శుభ్రపడినా ఆ బూడిద కిటికీ గట్ల మీదా, ఆటస్థలం మట్టిలోనూ కూర్చుంటుంది. కాబట్టి అడగాల్సింది లోపల తుడిచి తీసిన నమూనాల గురించి, బయట తవ్వి తీసిన మట్టి గురించి.

అసలు తగాదా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మట్టిలో సీసానికి కాలిఫోర్నియా ఇళ్లకు వాడే స్క్రీనింగ్ స్థాయి కిలోకు 80 మిల్లీగ్రాములు. ఫెడరల్ ఈపీఏ 2024లో తన స్థాయిని 400 నుంచి 200కు తగ్గించింది. ఒక బడి మట్టిలో 150 వచ్చిందనుకోండి. ఫెడరల్ లెక్కన పాస్, రాష్ట్రం లెక్కన ఫెయిల్, మూడేళ్ల కిందటి లెక్కన అసలు ప్రస్తావనకే రాదు. మట్టి మాత్రం అదే! స్క్రీనింగ్ స్థాయి అంటే దాటగానే జబ్బు చేస్తుందనే గీత కాదు, "ఇక్కడ ఇంకాస్త చూడండి" అనే గీత. ఇది తెలియక ఒకరు 85 చూసి హడలిపోతారు, ఇంకొకరు 190 చూసి నిశ్చింతగా నిద్రపోతారు.

సగటు సంగతీ చూడాలి. పది చోట్ల మట్టి తీశారనుకుందాం. తొమ్మిది చోట్ల 30, ఒకచోట 450. సగటు 72. ఉత్తరంలో "పరిమితికి లోబడే ఉంది" అని రాయొచ్చు, అబద్ధమూ కాదు. కానీ ఆ 450 ఉన్న చోటు కిండర్‌గార్టెన్ పిల్లలు కూర్చుని ఆడుకునే మూల అయితే? అందుకే ఒక్క అంకె కాదు, ఏ నమూనా ఎక్కడ తీశారో చూపే మ్యాపు కావాలి. పసడీనాలో తర్వాత చేయించిన మట్టి పరీక్షల్లో కొన్ని బడుల్లో సీసం, ఆర్సెనిక్ స్క్రీనింగ్ స్థాయిని మించి కనిపించాయి. అప్పటికే పిల్లలు అక్కడ నెలల తరబడి చదువుకున్నారు. ముందు పరీక్ష, తర్వాత గంట అనే వరస తిరగబడిందన్నమాట. కాలిన ఇళ్ల స్థలాల్లోనూ ఇదే కథ. పైన ఆరు అంగుళాల మట్టి తీసేశాక మిగిలినది శుభ్రంగా ఉందో లేదో తేల్చే పరీక్షలు చేయించబోమని ఫీమా చెప్పేసింది. ఆ నిర్ణయం తర్వాత "నమ్మండి" అంటే ఎంతమంది నమ్ముతారు?

అలాగని తలుపులు మూసెయ్యడమే జాగ్రత్త అనుకోవడం కూడా ఒకరకం ధీమా. 2024 నవంబర్‌లో ఢిల్లీ కాలుష్యానికి బడులు మూసినప్పుడు సుప్రీంకోర్టు ఒక మాట గుర్తు చేసింది. చాలామంది పిల్లల ఇళ్లలో ఎయిర్ ప్యూరిఫయర్లు లేవు, మధ్యాహ్న భోజనం పోతోంది, ఆన్‌లైన్ క్లాసులకు సదుపాయం లేదు అని. ఇక్కడా అంతే. నాలాగా ఇంట్లో ఉండే తల్లి "ఇంకో నెల ఆగుదాం" అనడం తేలిక. షిఫ్టుకు వెళ్లకపోతే అద్దె కట్టలేని తల్లికి ఆ మాట వేరేగా వినిపిస్తుంది. ఆ ఇంట్లో హెపా ఫిల్టర్ ఉండకపోవచ్చు, బడిలో ఉండొచ్చు.

రక్తపరీక్ష గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. చేయించడం మంచిదే. సురక్షితమైన సీసం స్థాయి అంటూ పిల్లలకు లేదు. సీడీసీ 2021 నుంచి డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములను రిఫరెన్స్‌గా పెట్టుకుంది. కానీ రక్తంలో సీసం సుమారు నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది. మంట వచ్చిన ఆరు నెలలకు చేయించిన పరీక్ష జనవరిలో ఏం జరిగిందో చెప్పలేదు. ఒకవేళ అంకె ఎక్కువొస్తే, కారణం బడేనని అప్పుడే తీర్మానించకండి. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు దక్షిణాసియాలో దొరికింది, కొన్ని సిందూరాల్లో సీసం ఉందని ఇక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఊరి నుంచి తెచ్చుకున్న విడి పసుపును కూడా డాక్టరుకు చెప్పండి. చెప్పులు గుమ్మం బయట విడిచే మన అలవాటు మాత్రం ఈ విషయంలో నిజంగా అక్కరకొస్తుంది, మట్టిలోని సీసం ఇంట్లోకి వచ్చే దారుల్లో చెప్పులు ఒకటి.

మీ డిస్ట్రిక్ట్ మీటింగ్‌లో మైకు దొరికేది రెండు నిమిషాలే కావచ్చు. "సేఫేనా?" అని అడిగితే "సేఫే" అంటారు, సమయం అయిపోతుంది. ఏ ప్రమాణంతో పోల్చారు, ఎన్ని నమూనాలు, ఎక్కడెక్కడ, శుభ్రం చేశాక మళ్లీ చూశారా, ఏసీ ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు అని అడగండి. ల్యాబ్ నివేదికను కాలిఫోర్నియా పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద రాతపూర్వకంగానూ కోరవచ్చు. ఇస్తారో లేదో వాళ్లు 10 రోజుల్లో తేల్చి చెప్పాలి. బడి తెరిచే తేదీకి పది రోజుల కంటే ముందే ఆ ఈమెయిల్ వెళ్లేలా చూసుకోండి.