మర్ఫా మోతకు చరిత్ర లేదా?

ఐర్లండు దేశంలోని లిమరిక్ పట్టణంలో 1989లో ఇద్దరు అన్నదమ్ములు, ఒక డ్రమ్ము వాయించే కుర్రవాడు, ఒక గాయకుడు కలిసి పాటల బృందం పెట్టుకున్నారు. మరుసటి ఏడు ఆ గాయకుడు తప్పుకోగా డొలోరెస్ ఓరియార్డన్ అనే అమ్మాయి వచ్చి చేరింది. ఆ బృందమే క్రాన్‌బెర్రీస్. 1993లో మొదటి ఆల్బం వచ్చింది. ఆ ఏడే ఇంగ్లండులోని వారింగ్టన్‌లో బాంబు పేలి ఇద్దరు పిల్లలు చనిపోతే, ఆ దుఃఖంలో ఆమె కట్టిన పాట 1994లో ప్రపంచమంతా మారుమోగింది. 2003లో విడిపోయారు. 2009లో మళ్లీ కలిశారు. 2018 జనవరిలో ఆమె మరణించింది. 2019లో చివరి ఆల్బంతో ఆ కథ ముగిసింది.

ఈ వివరాలన్నీ శాలిబండలో నా దగ్గర చదువుకునే ఒక విద్యార్థి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. విని సంతోషించాను. ఎక్కడి పాటయినా మన పిల్లలు వింటే తప్పేమీ లేదు. తర్వాత నేనొక ప్రశ్న అడిగాను: "బాబూ, మొన్న మీ అక్క పెళ్లికి మర్ఫా వాయించారే, ఆ జట్టు ఎప్పుడు పుట్టింది? ముందు నిలబడి వాయించిన పెద్దాయన పేరేమిటి?"

కుర్రవాడు నవ్వాడు. "మర్ఫావాళ్లకు చరిత్రేమిటి సార్!" అన్నాడు.

ఈ వ్యాసం ఆ నవ్వుకు జవాబు. అయితే నా తగువు ఆ కుర్రవాడితో కాదు. ఆ నవ్వు అతనికి నేర్పిన వాళ్లతో, అనగా మనతో. అభ్యుదయవాదులమనీ, ప్రజాకళల వారసులమనీ చెప్పుకునే రచయితలతో, ఉపాధ్యాయులతో.

మర్ఫా అంటే పాతబస్తీ ఎరిగిన ప్రతివాడికీ తెలుసు. కర్రలతో కొట్టే చిన్న నగారా, దానికి తోడు డఫ్లు, డోలు, చివరకు వంటింటి బిందెలు. పదిమంది గుండ్రంగా నిలబడి మొదలుపెడితే వీధి వీధంతా కదులుతుంది. శాలిబండ గడియార స్తంభం దగ్గర నిలబడితే పెళ్లి ఊరేగింపులో ఈ మోత వినిపించని పెళ్లిళ్ల కాలం వుండేది కాదు. ఎక్కడినుంచి వచ్చింది ఇది? యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులూ, ఆఫ్రికానుంచి వచ్చిన సిద్దీలూ నిజాం సైన్యంలో చేరారు. వాళ్ల బారకాసులే నేటి బార్కస్. ఆఫ్రికన్ అశ్వదళం నివసించిన చోటే నేటి ఏసీ గార్డ్స్. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ తర్వాత ఆ దళాలు రద్దయ్యాయి. ఉద్యోగం పోయిన సిపాయి బిడ్డకు మిగిలిన ఆస్తి తాత నేర్పిన దరువు. ఆ దరువే కూలి అయింది.

ఇక్కడ మన మిత్రులు కొందరు ముఖం చిట్లిస్తారు. "అది నిజాం కొలువు వాద్యం. భూస్వామ్యపు అవశేషం. దాన్ని మనం నెత్తికెత్తుకోవాలా?" అంటారు.

ఈ ఆక్షేపణను తేలికగా తోసివేయను. అరబ్బు జమాదార్లలో కొందరు వడ్డీ వ్యాపారం చేసి జనాన్ని పీడించిన మాట చరిత్రలో వున్నది. కాని ఒక్క సంగతి అడుగుతాను. మనం గర్వంగా చెప్పుకునే బుర్రకథ ఎక్కడ పుట్టింది? కార్మిక సంఘం ఆఫీసులోనా? రాజుల వీరగాథలూ, దేవుళ్ల కథలూ చెప్పుకుంటూ జంగాలు ఊరూరా యాచించిన జంగం కథే అది. ప్రజానాట్యమండలి దాన్ని అందుకున్నది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట 1920లో పుట్టిన షేక్ నాజర్ చేతిలో అది ప్రజల ఆయుధం అయింది. 1986లో ప్రభుత్వమే ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కళకు పుట్టుకతో వర్గం నిర్ణయం కాదు. దాన్ని ఎవరు పట్టుకున్నారు, ఎవరికోసం పట్టుకున్నారు అన్నదే నిర్ణయిస్తుంది. జంగం కథకు ఇచ్చిన అవకాశం మర్ఫాకు మనం ఎందుకు ఇవ్వలేదు?

నిజం చెప్పుకుందాం. మర్ఫా వాయించేవాడు ఉర్దూ మాట్లాడతాడు. మన జానపదం తెలుగు దగ్గర ఆగిపోయింది. ఒగ్గు కథ మనది, డప్పు మనది, గొల్ల సుద్దులు మనవి; మూసీ దాటితే మాత్రం "వాళ్లది". ఇదేనా అభ్యుదయం? అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టింది. రెండేళ్లకే, 1945లో, ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ ఈ హైదరాబాదులోనే జరిగింది. మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో కవిత్వం రాసి తెలంగాణ రైతు పోరాటంలో నిలిచాడు. ఆ తరం కట్టిన వంతెన మీద మనం నడవడం మానేశాం. తర్వాత వంతెన లేదని ఫిర్యాదు చేస్తున్నాం.

మనం వదిలేసినదాన్ని మార్కెట్టు వదలలేదు. మర్ఫావాళ్లూ, డప్పువాళ్లూ వాయించే "తీన్‌మార్" అనే దరువు ఇవాళ తెలుగువాడికి ఇంటిపేరంత పరిచయం. 2011లో ఆ పేరుతో ఒక పెద్ద సినిమా వచ్చింది. ఒక వార్తల ఛానలు ఆ పేరుతో వార్తలే చెప్పింది. దరువు పేరు అమ్ముడుపోయింది. దరువు వేసే చెయ్యి పేరు ఎవరికీ తెలియలేదు. శ్రమను కొని శ్రామికుణ్ణి దాచిపెట్టడమే ధనస్వామ్యం పని అని మనం తరగతి గదుల్లో చెబుతాం. మన వీధిలో అదే జరుగుతుంటే గుర్తించలేకపోయాం.

ఇక ఆ ఐరిష్ బృందం సంగతి. అటువంటి పాటలను మన విద్యార్థులు "ఇండీ" అంటారు, అంటే కంపెనీల చెప్పుచేతల్లో లేని స్వతంత్ర సంగీతం అని అర్థం. కాని క్రాన్‌బెర్రీస్ పాటలు విడుదల చేసింది ఐలండ్ రికార్డ్స్. ఆ ఐలండ్‌ను 1989లోనే పాలీగ్రామ్ అనే మహా సంస్థ కొనేసింది. ఇది ఆ పాటగాళ్లకు నింద కాదు. వాళ్ల గొంతులో నిజాయితీ వున్నది. కాని వాళ్ల జీవితం తేదీలతో సహా శాలిబండ దాకా వచ్చిందంటే దాని వెనుక కంపెనీ వున్నది, పత్రికలు వున్నాయి, ఒప్పంద పత్రాలు వున్నాయి. మర్ఫా జట్టు వెనుక ఏమున్నది? అసలైన స్వతంత్ర సంగీతం దానిదే: కంపెనీ లేదు, ఒప్పందం లేదు, పెళ్లి ముహూర్తం తప్ప ఆధారం లేదు. ఇటువంటి స్వాతంత్ర్యాన్ని మామూలు భాషలో నిరుద్యోగం అంటారు.

ఆ నిరుద్యోగం రెండు వైపులనుంచి వస్తున్నది. ఒకవైపు మతపెద్దలు పెళ్లిళ్లలో బాజా భజంత్రీలు వద్దని చెబుతున్నారు. ఆడంబరం తగ్గించి పేద తండ్రిని అప్పునుంచి కాపాడాలన్న మాటలో న్యాయం వున్నది. అయితే విందులో వంటకాలు తగ్గకుండా, కట్నం తగ్గకుండా, వాయించేవాడి కూలి ఒక్కటే తగ్గితే అది సంస్కరణ కాదు. మరోవైపు డీజే వచ్చింది. ఒక లారీ, ఒక యంత్రం, ఒక మనిషి పదిమంది కూలిని మింగేశాయి. 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నగర పోలీసులు నిషేధించారు. చప్పుడు గురించి చర్చ జరిగింది. యంత్రం మింగేసిన ఆ పదిమంది కూలి గురించి ఒక్క అభ్యుదయ పత్రికయినా రాసిందా?

లాల్‌దర్వాజ బోనాల ఊరేగింపు శాలిబండ మీదుగా చార్మినారు వైపు సాగుతుంది. 2014లో ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగ చేసింది. మంచిదే. పండుగకు హోదా వచ్చింది. పండుగల్లో, పెళ్లిళ్లలో వాయించి బతికేవాడికి ఏ హోదా వచ్చింది?

ఆ పెళ్లిలో వాయించిన పెద్దాయనను తర్వాత నేనే వెతుక్కుంటూ వెళ్లి పేరు అడిగాను. ఆయన మొదట అనుమానంగా చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "హమారా నామ్ కోన్ పూఛే, మాస్టర్ సాబ్?" మా పేరు ఎవరు అడిగారు అని. అది ప్రశ్న కాదు, అభియోగం. ముద్దాయిలం మనం.

కాబట్టి జాలి వద్దు, పని కావాలి. సంఘం రాబోయే మహాసభలో బుర్రకథ దళం పక్కన మర్ఫా జట్టు వుండాలి. ఊరేగింపు ముందు అలంకారంగా కాదు, వేదిక మీద, అదే పారితోషికంతో. విద్యార్థులు సెలవుల్లో శాలిబండ, బార్కస్, ఏసీ గార్డ్స్ వీధుల్లో తిరిగి ఒక్కొక్క జట్టు చరిత్ర రాయాలి: ఎవరు ప్రారంభించారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్ని దరువులు వచ్చు, రోజు కూలి ఎంత, ఏ నెలల్లో పస్తులు. వాయించేవాళ్లు ఇష్టపడితే వాళ్ల పేర్లతోనే అది అచ్చు కావాలి. ఉర్దూ తెలిసినవాడూ తెలుగు తెలిసినవాడూ కలిసి తప్ప ఈ పని సాగదు. ఆ వంతెన తిరిగి కట్టడానికి ఇంతకంటె మంచి అవకాశం వుండదు.

లిమరిక్ కుర్రవాళ్ల కథ మన విద్యార్థి మరిచిపోనక్కరలేదు. ఆ కథ చెప్పిన నోటితోనే తన అక్క పెళ్లికి మర్ఫా వాయించిన మనిషి కథ కూడా చెప్పగలిగిన రోజున, మనం ప్రజాకళ అనే మాటను సిగ్గుపడకుండా వాడవచ్చు.