తలుపు మీద చక్రం

కిందటి ఎండాకాలం సంగతి. గార్లదిన్నె దగ్గర జాతీయ రహదారి దిగి, పెనకచర్ల డ్యామ్ వైపు బైకు మీద వెళ్తున్నా. ముందు ఓ పాత జీపు. గుంతలో పడి లేచిందో లేదో... దాని వెనక తలుపు కీలు ఊడి, స్టెప్నీ నా మీదికి దొర్లుకుంటూ వచ్చింది! చేలోకి తిప్పబట్టి బతికిపోయా. ‘దెబ్బ తగల్లేదు కదన్నా?’ అంటూ పరిగెత్తుకొచ్చిన జీపాయన, చక్రం పడ్డ కంపలోంచి ముళ్లు ఏరుకుంటూ దాన్ని బయటికి లాగాడు.

ఆ కంపే అసలు కారణం. సర్కారు తుమ్మ ముళ్లు, గులకరాళ్లు ఉన్న ఆ బాటల్లో స్టెప్నీ లేకుండా ఎవరూ కదలరు. అన్నట్టు, స్టెప్నీ అన్నది ఓ వీధి పేరు. వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో ఉంది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు పంక్చరైన చక్రానికి తగిలించుకునే అదనపు చక్రం తయారుచేశారు. వాళ్ల షాపున్న వీధి పేరు మన పంక్చరు కొట్లదాకా వచ్చింది!

యుద్ధకాలపు విల్లీస్ జీపుకు వెనక తలుపు లేదు, స్టెప్నీ అక్కడే ఉండేది. 1945 నాటి సీజే-2ఏకి వెనక తలుపు పెట్టగానే చక్రం పక్కకు జరిగింది. 2020లో వచ్చిన థార్‌కి మళ్లీ వెనక తలుపు మీదే. అది ఆ బరువుకు లెక్కగట్టి చేసిన తలుపు. మన జీపాయన మాత్రం పాత రేకు తలుపుకు పెద్ద టైరు తగిలించాడు. రిమ్ముతో కలిపి 30 కిలోల పైమాటే. గుంతలో ఎగిరిపడ్డప్పుడు ఆ బరువు రెండు మూడింతలై కీలును లాగుతుంది.

‘తలుపుండేది తెరిచేదానికన్నా, మోసేదానికి కాదు. మోసేదానికి ఛాసిస్ ఉంది గదా’ అన్నాడు వెల్డింగ్ షాపాయన. బ్యాటరీ వైరు తీసి పని మొదలెట్టాడు. ఛాసిస్ వెనక అడ్డపట్టీకి మందపాటి ప్లేటు బోల్టులతో బిగించి, దానిమీద పాత కారు వెనక హబ్బును నిలువుగా నిలబెట్టాడు. అదే కీలు. లోపల బేరింగులున్నాయి కాబట్టి వేలితో నెట్టినా తిరుగుతుంది. దానికి చదరపు పైపుతో చెయ్యి, మూలల్లో త్రికోణపు రేకులు. చెయ్యి పక్కకు జరిగాకే తలుపు తెరుచుకుంటుంది. నాకు నచ్చింది మాత్రం రెండో చివర పెట్టిన రబ్బరు దిమ్మె. కొక్కెం బిగిస్తే చెయ్యి దానిమీద కూర్చుంటుంది, బరువు రెండు వైపులా పంచుకుంటుంది. అది లేకుంటే ఈ హబ్బుకూ పాత కీలు గతే! నంబరు ప్లేటు, వెనక దీపాలు మరుగునపడకుండా చక్రాన్ని కాస్త పైకి జరిపించాడు.

ఒక్క చిక్కుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. పని మొదలెట్టకముందే రవాణా శాఖ ఆఫీసులో అడగడం మేలు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో నిబంధన సవరించారు. ఆ మాట చెబితే జీపాయన నవ్వాడు. రాయి తగిలి టైరు పక్కగోడ చీలితే కిట్టు ఏం చేస్తుందట?

సాయంత్రం అదే బాటలో ఇద్దరం బయల్దేరాం. అదే గుంత వచ్చింది. చక్రం కదల్లేదు. నేను మాత్రం యాభై అడుగుల వెనకే ఉన్నా.