వంటింట్లో కడప

ముంబయిలోనో పుణెలోనో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లను అడిగి చూడండి. వంటింట్లో ‘కడప్పా’ వేయించామంటారు. అక్కడది ఊరి పేరు కాదు, రాయి పేరు! వంటగట్టుకీ దాని కింది అరలకీ వాడే నల్లబండకి మన కడప పేరే స్థిరపడిపోయింది.

కోట్లాది ఏళ్ల కిందట నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి ఇది. మనవాళ్లు నాపరాయి అంటారు. కడప, కర్నూలు ప్రాంతపు శిలల గురించి విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే వివరంగా రాశారు. బేతంచెర్ల, తాడిపత్రి లాంటి ఊళ్లకి ఈ రాయే బతుకుతెరువు. పొర సందులో ఉలి పెట్టి సుత్తితో కొడితే పలక విడివడుతుంది. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అందుకే చవక.

ఒకప్పుడు వంటంతా నేలమీదే. కట్టెల పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చునేవారు. గ్యాస్ వచ్చాక ఆ పద్ధతి మారింది. పొయ్యి సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలాయె. అలా మధ్యతరగతి ఇంట్లో గట్టు లేచింది, దానిమీద నల్లబండ పరుచుకుంది. ఒక్కటే లోపం... చింతపండు పులుసో నిమ్మరసమో ఒలికితే తెల్లటి మచ్చ పడుతుంది. సున్నపురాయికి పులుపు పడదు మరి!

ఆ లోపాన్ని ఆసరా చేసుకునే గ్రానైట్ వంటింట్లోకి వచ్చింది. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ సంగతి తెలిసిందే. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, పులుపు పడినా చెక్కుచెదరదు. నాపరాయి మాత్రం ఇల్లు వదిలి పోలేదు. చాలా వంటిళ్లలో గట్టు కిందకి వంగి చూడండి. పైన మెరిసేది గ్రానైట్, కింద డబ్బాలూ గిన్నెలూ మోస్తున్న అరలు కడప బండలే.

అయితే గ్రానైట్‌కి పొరలుండవు. ఉలి పెట్టి కొడితే పలకలుగా విడివడదు, వజ్రపు పళ్ల రంపంతో కోయాల్సిందే. రంపంతోపాటే దుమ్మూ వచ్చింది. ఆ దుమ్ములోని సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి మందు లేదు. ఇప్పుడు ఫ్యాషనైన క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. వాటిని కోసే కుర్రాళ్లు జబ్బున పడుతుండటంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రకం పలకల్ని నిషేధించింది.

గట్టు వేయించుకునేటప్పుడు రంగు చూస్తాం, మెరుపు చూస్తాం, అడుగు ధర బేరమాడతాం. సింక్ కోసం రాయికి రంధ్రం కోసే మనిషి మూతికి చేతిరుమాలు కట్టుకుని తెల్లటి దుమ్ములో మునిగిపోవడం మాత్రం మన కంటపడదు. నీళ్లు పోస్తూ కోస్తే ఆ దుమ్ము చాలావరకు అణుగుతుంది. దానికి తోడు మంచి మాస్కు ఉండాలి. బురదవుతుందని మనమే వద్దంటే ఎలా? బురదని ఓ పూటలో కడిగేసుకోవచ్చు. ఊపిరితిత్తుల్ని కడగలేం కదా!