పరామర్శకు వెళ్లే ముందు...

జబ్బుపడిన వారిని పరామర్శించడం ఎంతో పుణ్యకార్యం. 'ఇయాదత్' అనే మాట ఎరుగని ముస్లిం కుటుంబం ఉండదు. ఫలానా వారి బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడని తెలిస్తే చాలు, సాయంత్రానికి ఖాలా, ఫూఫీ, మామూ, ఇరుగుపొరుగు అందరూ చేరతారు. పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు, ముద్దు పెట్టుకుంటారు, దువా చదివి ముఖంపై ఊదుతారు. వారి ప్రేమను ఎవరు శంకించగలరు? అయితే వచ్చినవారిలో ఒక్కరికి దగ్గు, జలుబు ఉంటే ఆ బిడ్డ గతి ఏమిటో మనం ఆలోచిస్తున్నామా?

రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్న పిల్లలు, మూత్రపిండ మార్పిడి జరిగినవారు, నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బుకు ఎక్కువ కాలం స్టెరాయిడ్ మందులు వాడుతున్నవారు మన బస్తీలలోనూ ఉన్నారు. క్యాన్సర్ కణాలను చంపే మందే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలనూ తగ్గిస్తుంది. అంటే జబ్బును నయం చేసే వైద్యమే కొంతకాలం ఆ బిడ్డను నిరాయుధుణ్ణి చేస్తుంది. ఫ్లూ, అంటే ఇన్‌ఫ్లుయెంజా, ఆరోగ్యవంతుడైన పిల్లవాణ్ణి సాధారణంగా వారం రోజులు బాధించి వదలిపెడుతుంది. ఇలాంటి పిల్లల్లో అదే వైరస్ ఊపిరితిత్తులకు పాకి న్యుమోనియాగా మారవచ్చు. వారాల తరబడి శరీరంలో తిష్ఠ వేయవచ్చు. క్యాన్సర్ వైద్యం మధ్యలో ఆగిపోవచ్చు. ప్రాణానికే ముప్పు రావచ్చు.

"జలుబే కదా" అని తేలికగా తీసుకోరాదు. 1918లో మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది ఈ ఇన్‌ఫ్లుయెంజాయే. 2009లో స్వైన్ ఫ్లూ పేరుతో వచ్చినప్పుడు దేశంలో మొదటి కేసు మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. వర్షాకాలంలోనూ చలికాలంలోనూ ఇది విజృంభిస్తుంది. లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటుకోగలదు.

దీనికి టీకా ఉంది. వైరస్ రూపం మారుతూ ఉంటుంది గనుక ఏటా వేయించాలి. ఆరు నెలలు నిండిన పిల్లలకు వేయవచ్చు. తొమ్మిదేళ్లలోపు వారికి మొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు అవసరం. ముక్కులో కొట్టే సజీవ వైరస్ టీకా ఈ పిల్లలకు పనికిరాదు, సూదిమందే వేయించాలి. ఎప్పుడు వేయాలో వైద్యుడు నిర్ణయిస్తారు. అయితే నిరోధక శక్తి తక్కువైన బిడ్డలో టీకా పూర్తిగా పనిచేయకపోవచ్చు. కాబట్టి అమ్మ, అబ్బా, దాదీ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా టీకా వేయించుకోవాలి. ఆ బిడ్డకు ఇంటివారే కోటగోడ.

కీమోథెరపీ పొందుతున్న బిడ్డకు జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగరాదు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే ఎక్కువ మేలు చేస్తుంది. స్టెరాయిడ్లు వాడేవారిలో జ్వరం పెద్దగా కనిపించకపోవచ్చు. కనుక దగ్గు, ఆయాసం ఉన్నా ఆలస్యం చేయరాదు. సొంతంగా ఆస్పిరిన్ ఇవ్వరాదు.

జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల వద్దకు తోలుకుపోరాదని మన ప్రవక్త (స) బోధించారు. ఒంటెల విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం పసిబిడ్డ విషయంలో మనల్ని అజాగ్రత్తగా ఉండమంటుందా? దగ్గు, జలుబు ఉన్ననాడు ఇంటి వద్దే ఉండి దువా చేయండి. ఫోనులో పలకరించండి. మందుల ఖర్చుకు చేయందించండి. ఇదీ ఇయాదతే. గుమ్మం దగ్గర బంధువును ఆపవలసి వచ్చిన తల్లిని గర్విష్ఠి అని నిందించకండి. ఆమె తన అమానత్‌ను కాపాడుకుంటున్నది. ఆ పిల్లలందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.