రాజమహల్ చుట్టూ పిల్లలకో వెతుకులాట

విశాఖలో కిరండూల్ బండెక్కి జగదల్‌పూర్‌లో దిగే మనవాళ్ల యాత్ర ఎలా సాగుతుందో ఈ ఊళ్లో కాపురముంటున్న తెలుగువాళ్లందరికీ కంఠతా వచ్చు. మొదటి రోజు చిత్రకోట్ జలపాతం. రెండో రోజు తీరథ్‌గఢ్, కుటుమ్‌సర్ గుహ. తిరుగు ప్రయాణానికి టైముంటే దంతేశ్వరి గుడి, పక్కనే ఉన్న రాజమహల్ ముందు ఓ ఫొటో. పెద్దవాళ్లు ఫొటోల్లో పడితే పిల్లలు ఫోన్ కోసం పేచీ. పోయిన దసరాకి వచ్చిన మా చుట్టాల పిల్లాడు ఆ తెల్లటి మేడని ఎగాదిగా చూసి, "అమ్మమ్మా, రాజుగారిల్లంటే ఇంతేనా? కత్తుల్లేవా?" అన్నాడు.

వాణ్ణి ఏమనగలను? చూసేందుకు అక్కడ బోలెడుంది గానీ వాడి వయసుకి తగ్గట్టు చూపించే ఏర్పాటే లేదు. ప్రైమరీ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని. పిల్లల్ని వరసగా నిలబెట్టి బోర్డు చదివి వినిపిస్తే ఎంత తలకెక్కుతుందో నాకు బాగా తెలుసు. అందుకే అడుగుతున్నాను: రాజమహల్ చుట్టుపక్కల పిల్లలు తమంతట తాము వెతుక్కుంటూ తిరిగే బాట ఒకటి వెయ్యండి.

ఇదేం కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో పాతకాలపు జమీందారీ బంగళాలు, తోటలు చాలా ఉన్నాయి. సెలవుల్లో వచ్చిన పిల్లలకి అనేకచోట్ల ఒక కాగితం ఇచ్చి తోటలోకి వదులుతారు. ఫలానా చెట్టు ఎక్కడుందో కనిపెట్టు, ఫలానా రాతిబొమ్మ చేతిలో ఏముందో చూసి రాయి. అంతే. పదకొండేళ్ల ముప్పావు నిండేలోగా చెయ్యాల్సిన 50 పనులంటూ 2012లో ఒక జాబితా కూడా వేశారు. చెట్టెక్కడం, బురదలో ఆడటం లాంటివి. ఆ ముప్పావు పెట్టినవాళ్లకి పిల్లలు తెలుసు.

మనకి వాళ్ల గులాబీ తోటలు లేవు, అక్కర్లేదు కూడా. బాట దంతేశ్వరి గుడి దగ్గర మొదలెడదాం. ఓరుగల్లు 1323లో పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. ఆ వంశానికి చెందిన కమల్‌చంద్ర భంజ్‌దేవ్ 2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహానికి వరంగల్ వెళ్లినప్పుడు మన పేపర్లన్నీ రాశాయి. పిల్లలకి ఆ వంశవృక్షం అక్కర్లేదు, కథ కావాలి. అమ్మవారు అన్నమదేవుడితో అందట: నువ్వు ముందు నడు, నేను వెనక వస్తాను, ఎంతదాకా నడిస్తే అంతా నీ రాజ్యం, వెనక్కి మాత్రం చూడకు. గజ్జెల చప్పుడు వింటూ నడిచాడు. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఇసకలో కాళ్లు దిగబడి గజ్జెలు మోగలేదు. ఆగలేక తిరిగి చూశాడు, అమ్మవారు అక్కడే ఉండిపోయింది. అదే దంతెవాడ.

దీన్ని ఆటగా ఆడించడానికి ఏం కావాలి? ఒక జత గజ్జెలు. గుడి నుంచి మహల్ సింహద్వారం దాకా ఒకరు ముందు, గజ్జెలు కట్టుకున్నవాళ్లు వెనక. చప్పుడు ఆగినా తల తిప్పకూడదు, తిప్పితే ఔట్. నేను మా బడిపిల్లల చేత ఆడించాను. ఒక్కరూ ద్వారం దాకా ఆగలేదు, అన్నమదేవుడి మీద జాలి మాత్రం అందరికీ కలిగింది.

అక్కణ్ణించి సిర్హాసార్. దసరా రథం ఇక్కడే తయారవుతుంది. 75 రోజులు సాగే బస్తర్ దసరాలో రాముడూ లేడు, రావణుడూ లేడు. అంతా దంతేశ్వరిదే. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్లవాళ్లు తరతరాలుగా రథం చెక్కుతున్నారు. ఒక ఏడు నాలుగు చక్రాలది కొత్తగా చేస్తే, మరో ఏడు ఎనిమిది చక్రాలది. చెక్కేది బాడిసతో. కొత్త దూలం మీద చెయ్యి పెడితే అలలు అలలుగా గరుకు తగులుతుంది, ఒక్కో అలా ఒక్కో దెబ్బ. చక్రాలు లెక్కపెట్టి ఇది ఏ రథమో చెప్పమనండి. దూలం మీద కాగితం పరిచి, పెన్సిల్‌తో రుద్ది, ఆ గుర్తుల అచ్చు తీసుకోమనండి. రథం తాళ్లని చూపించి దేనితో పేనారో కనుక్కోమనండి. సియాడీ నారతో. సియాడీ అంటే మరేదో అనుకునేరు, మనం విస్తళ్లు కుట్టుకునే అడ్డాకు తీగే. పెళ్లి భోజనం తిన్న ఆకు, రథం లాగే తాడు ఒకే తీగవని తెలిసిన పిల్లకి వృక్షశాస్త్రం వేరే చెప్పాలా?

ఇక దొంగతనం సంగతి. విజయదశమి రాత్రి కిలేపాల్ వైపు మాడియా గోండులు ఎనిమిది చక్రాల రథాన్ని ఎత్తుకుపోయి కుమ్డాకోట్‌లో దాస్తారు. మర్నాడు రాజకుటుంబం వెళ్లి, వాళ్లతో కూర్చుని కొత్త బియ్యం అన్నం తిని, బతిమాలి తెచ్చుకోవాలి. రాజు దసరా మొదలెట్టడానికి అనుమతి అడిగేది కూడా ఒక చిన్నపిల్లని. మిర్గాన్ కులపు పెళ్లికాని పిల్ల మీదికి కాఛన్ దేవి వచ్చి, ముళ్ల ఉయ్యాల మీద పడుకుని సరేనంటేనే పండగ. ముళ్ల మీద పసిపిల్లని పడుకోబెట్టడం నాకు మింగుడుపడదు. అయినా ఇది దాచకూడదు. పిల్లల్నే అడగాలి, నీకేమనిపించిందని. వాళ్లు చెప్పే జవాబులు మన వ్యాసాల కన్నా నయంగా ఉంటాయి.

గోంచా పండగప్పుడైతే అడగనే అక్కర్లేదు. వెదురు గొట్టంలో పెంగ్ కాయ కూరి పుల్లతో నెడితే టప్‌మని పేలుతుంది. తుప్కీ అంటారు. జగన్నాథుడికి అదే గౌరవ వందనం. ఒక్క తుప్కీ కొనిపెట్టి, ఎందుకు పేలిందో చెప్పమనండి. గాలి ఒత్తిడి పాఠం అయిపోయినట్టే.

చివరి మజిలీ రాజమహల్. అక్కడే పెద్దవాళ్లు జంకుతారు. ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1936లో గద్దెనెక్కేనాటికి ఏడేళ్లు నిండలేదు. ఆ మాట వినగానే ఒకటో తరగతి పిల్లల ముఖాలు చూడాలి. ఆయనే 1966 మార్చి 25న ఈ మహల్‌లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు, ఆయనతోపాటు ఆదివాసీలూ పోయారు. ఇప్పటికీ బస్తర్ పల్లెల్లో ఆయన ఫొటోకి దండం పెడతారు. పదేళ్లు దాటిన పిల్లలకి ఇది చెప్పాలి. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు కూడా చెప్పాలి. దాన్ని నడిపిన నేతానార్ గుండాధుర్ బ్రిటిష్ వాళ్లకి చివరిదాకా చిక్కలేదు. రాజుల కథ చెప్పి అడవివాళ్ల కథ మింగేస్తే ఆ బాట సగం బాటే.

మహల్‌లో ఇప్పటికీ ఆ కుటుంబం ఉంటోంది కాబట్టి లోపలి గదుల జోలికి పోనక్కర్లేదు. గుడి, ద్వారం, సిర్హాసార్, కాఛన్ గుడి చాలు. నా భయమల్లా వేరు. ఈ పని కాంట్రాక్టుకిస్తే సిమెంటు జింకలు, ప్లాస్టిక్ పుట్టగొడుగులు, సెల్ఫీ పాయింటు తయారవుతాయి. వద్దు. ప్రశ్నలు జగదల్‌పూర్ బడిపిల్లల చేతే రాయించండి. హల్బీ, హిందీ, తెలుగు మూడింట్లోనూ అచ్చువెయ్యండి. దారి చూపేదీ వాళ్లే కావాలి. బయటి పిల్లాడికి హల్బీలో నాలుగు మాటలు నేర్పినప్పుడు మా బస్తర్ పిల్ల ఎంత ఎత్తు పెరుగుతుందో చూశాను. ఖర్చు కాగితం, పెన్సిలు, ఒక జత గజ్జెలు. ఛత్తీస్‌గఢ్ పర్యాటక శాఖకి ఇది లెక్కలోకి రాదు.

వాళ్లు తలపెట్టేలోగా మీరు చెయ్యగలిగింది ఒకటుంది. పిల్లలకి రథోత్సవం కన్నా రథం పని చూపించడం ముఖ్యం. దసరా రద్దీలో కాకుండా, వినాయక చవితి వెళ్లాక బాడిసల చప్పుడు వినిపించే రోజుల్లో తీసుకురండి. ఒక రోజు జలపాతాలకి తగ్గించి జగదల్‌పూర్‌కి ఇవ్వండి.