జనులెచట నివసింతురు? ఏల?

మన తరగతిగదిలో వ్రేలాడు దేశపటమున జిల్లాలన్నియు నొకే తీరున రంగులు పూసికొని కనబడును. జనసాంద్రతను చూపు పట మట్లుండదు. అందు గోదావరీ కృష్ణా నదులు సముద్రమును చేరు తావున చుక్కలు ఒకదానిపై నొకటి క్రిక్కిరిసి యుండును. కడప, అనంతపురముల వైపు పోయినకొలది అవి పలుచబడును. 2011 సంవత్సరపు జనాభా లెక్కలలో, నాటి జిల్లాల సరిహద్దులనుబట్టి, పశ్చిమగోదావరి, కృష్ణా జిల్లాలలో చదరపు కిలోమీటరునకు 500 మందికి పైగా నుండిరి. అనంతపురము జిల్లాలో 213 మందియు, కడప జిల్లాలో 188 మందియు మాత్రమే యుండిరి. ఒకే భాష మాటలాడు జనుల నడుమ నింతటి భేద మేల కలిగెను?

దీనికి కొందరొక సులభమైన సమాధానము చెప్పుదురు. డెల్టావారు కష్టజీవులట, రాయలసీమవారు సోమరులట! ఈ మాట విద్యార్థుల నోటను గూడ వినబడుచున్నది. ఇది యసత్యము, అన్యాయము నని నా యభిప్రాయము. భూగోళమును చరిత్రమును గలిపి చదివినవా రెవ్వరును ఈ మాట ననజాలరు.

మొదట భూగోళమును చూతము. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమల నెక్కునప్పుడే తమ తేమలో నధికభాగమును అచ్చట కురిపించివేయును. కనుమల నీడలోనున్న అనంతపుర ప్రాంతమునకు మిగులునది స్వల్పము. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమును తడిపి, ఇంతదూరము చేరునప్పటికి బలహీనమగును. కావున అచ్చట సంవత్సరమునకు సగటున 55 సెంటీమీటర్ల వర్షమే కురియును; గోదావరీతీరమున దాని కించుమించు రెట్టింపు కురియును. అచ్చటి నేల చాలచోట్ల రాతిపై పరచిన పలుచని యెఱ్ఱమన్ను. డెల్టా నేల నదులు వేలయేండ్లుగా తెచ్చి పోసిన యొండ్రుమట్టి. సమతలమగుటచే కాలువలో విడిచిన నీరు తనంతట తానే చేలకు పాఱును. అచ్చట వరి రెండుకార్లు పండును. వరి యెకరమునకు ఎక్కువమందిని పోషించును. నాట్లకు కోతలకు ఎక్కువ చేతులను గోరును. అందుచే గ్రామమునకు గ్రామము దగ్గరయైనది.

అయిన నింతమాత్రమున నూరకుండరాదు. ఆ మట్టియు, ఆ నదియు 1852 సంవత్సరమునకు పూర్వమును ఉండెను గదా! అప్పు డా సీమ యెట్లుండెను? 1832-33లో వచ్చిన నందన కరవున జనులు వేలకొలదిగా మడిసిరి. బ్రదికినవారిలో ననేకులు ఊళ్లు విడిచిపోయిరి. ఆనాటి రాజమహేంద్రవరము జిల్లాలో 1821 నాటికి 7 లక్షలకు పైగా నున్న జనసంఖ్య 1841 నాటికి 6 లక్షలకు లోపుగా దిగజాఱెను. గోదావరి యేటేట వరదలై సముద్రములో కలియుచునే యుండెను. దాని ప్రక్కనే జనులు దాహముతో నాకలితో నలమటించుచుండిరి. సర్ ఆర్థరు కాటను ఆధ్వర్యమున 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసిన పిమ్మట కాలువలు త్రవ్వబడినవి. సీమ మరల నిండినది. మట్టి మాఱలేదు, జనుల స్వభావమును మాఱలేదు. నీటికి చేసిన కట్టడి మాత్రమే మాఱినది. కావున నేటి డెల్టావాసి తన పచ్చనిచేను జూచి గర్వింపదలచినచో, తన ముత్తాతల తండ్రులు వలసపోయిన దినములను ముందు తలచుకొనవలెను.

ఇక సోమరితనపు నింద. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువుయొద్ద 1369 సంవత్సరపు శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించెననియు, ప్రతిదినము వేయిమంది కూలివారు రెండేండ్లు పాటుపడిరనియు అందున్నది. మంచి చెరువునకు గావలసిన పండ్రెండు అంగములనుగూడ నది పేర్కొనుచున్నది. వాన తక్కువగు చోట ప్రతి చినుకును నిలువజేయ నేర్చినవారు సోమరులా? ప్రకృతి యిచ్చిన కొంచెమును లెక్కపెట్టి వాడుకొన్న వారి వివేకమునకు మనము నమస్కరింపవలెను.

మఱియొక సంగతి. జనసాంద్రత గలచోటు సురక్షితమని తలపరాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమపై బడి సుమారు 10,000 మందిని పొట్టనబెట్టుకొనెను. అన్నము పెట్టిన యా పల్లపునేలయే సముద్రమునకు దారి యిచ్చెను. జనులు చిక్కగా నున్నచోట నాపద కలిగిన నష్టమును చిక్కగానే యుండును.

కావున ప్రియ సహవిద్యార్థులారా! పటములోని చుక్కలు జనుల గుణములకు మార్కులు కావు. వర్షము, మట్టి, నేలవాలు ఇవి ప్రకృతి యిచ్చినవి. చెరువు, ఆనకట్ట, కాలువ ఇవి మనుష్యుడు కూర్చినవి. రెండును కలిసినచోట జనులు నిలుతురు. రెండవది చెడినచోట లేచిపోవుదురు. మొదటిది మన చేతిలో లేదు, రెండవది యున్నది. హంద్రీ–నీవా కాలువ కృష్ణాజలమును అనంతపురసీమకు చేర్చుట యిందుకు నేటి నిదర్శనము. అయినను దూరపునీటికై యెదురుచూచుచు నింటిముందరి చెరువును పూడిపోనిచ్చుట తెలివి గాదు. పూర్వులు వేయిచేతులతో కట్టిన చెరువుల గర్భములలో మన మిండ్లు కట్టుకొనుచున్నాము. రెండుకార్లు పండు డెల్టాచేలను ఇండ్లస్థలములుగా కోసి యమ్ముకొనుచున్నాము. ఈ రెండును మాన్పింపగలవారు రేపటి పౌరులగు మనమే. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ యూరి చెరువుకట్టపై నొకసారి నడచి చూడుడు. మీ యూర జనులేల నిలిచిరో, ఇకముందు నిలుతురో లేదో, ఆ కట్టయే మీకు తెలుపును.