జబ్బు పేరు కాదు, చాకిరీ చూడండి

కర్ణాటక రాష్ట్ర మహిళా శిశు అభివృద్ధి, వికలచేతనుల, వయోవృద్ధుల సాధికారత శాఖల మంత్రి శ్రీమతి లక్ష్మీ హెబ్బాళ్కర్ గారికి,



మా ఊరు హళ్ళిఖేడ్ (బి), బీదర్ జిల్లా హుమ్నాబాద్ తాలూకాలో ఉంది. సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు అంటే జిల్లాలో ఎవరైనా గుర్తుపడతారు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నవాళ్ళం కాబట్టి ఇక్కడ కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒకే వీధిలో వినిపిస్తాయి. మా ఇంటి మాట తెలుగు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

2024 ఫిబ్రవరి 16న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో మీ శాఖకు సంబంధించి ఒక చిన్న ప్రకటన ఉంది. సెరిబ్రల్ పాల్సీ, మస్కులర్ డిస్ట్రఫీ, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళను చూసుకునే మనిషికి నెలకు 1,000 రూపాయలు ఇస్తామని అందులో చెప్పారు. పెద్ద పథకాల సందడిలో ఆ మాట చాలామంది చెవిన పడలేదు. నాకు మాత్రం అది చాలా పెద్ద మాట. మంచంలో ఉన్న మనిషికి పింఛను ఇవ్వడం మనకు తెలిసిందే. మంచం పక్కన ఉన్న మనిషి కూడా ప్రభుత్వానికి కనబడడం మా ప్రాంతానికి కొత్త. అందుకు ముందుగా మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెబుతున్నాను. ఆ మంచి పని సగంలో ఆగిపోకూడదనే ఈ లేఖ.

మా అత్తమ్మకు కొన్నేళ్ళ కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మింగడం కష్టం. అన్నం మెత్తగా పిసికి, చారు కలిపి, తల ఎత్తి పట్టుకొని చెంచా చెంచాగా పెట్టాలి. తొందరపడితే పొలమారుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుందని డాక్టర్లు హెచ్చరించారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, రాత్రి కూడా. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి పుండవుతుంది. ఆ పుండు లోతుకు దిగితే మానడానికి నెలలు పడుతుంది, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. పక్కబట్టలు మార్చడం, ఒళ్ళు తుడవడం, మూత్రం సంచి ఖాళీ చేయడం, వేళకు మాత్రలు వేయడం, బిగుసుకుపోయిన వేళ్ళను మెల్లగా విప్పి చాపించడం అన్నీ ఉంటాయి. ఆస్పత్రిలో అయితే నర్సు, ఆయా, ఫిజియోథెరపిస్టు పంచుకునే పని ఇది. ఇంట్లో ఒక్కరే చేయాలి. నేను ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆ ఉద్యోగం మానేశాను. మానుకోమని ఎవరూ చెప్పలేదు, ఇంకో దారి కూడా లేదు.

మా అత్తమ్మ జబ్బు మీ జాబితాలో లేదు. మా వీధిలోనే ఇంకో ఇంట్లో చెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న భర్తను చూసుకుంటూ ఒకామె కంది చేలల్లో కూలికి వెళ్ళడం మానుకుంది. ఆ జబ్బూ జాబితాలో లేదు. మరో ఇంట్లో ఒక పెద్దాయన, మతిమరుపు జబ్బుతో తనను కూడా గుర్తుపట్టని భార్యకు స్నానం చేయించి, జడ వేసి, బయటికి వెళ్ళిపోకుండా తలుపు దగ్గర కూర్చుంటాడు. అదీ లేదు. ఈ మూడిళ్ళలో జరిగే పనికీ, పార్కిన్సన్స్ ఉన్న ఇంట్లో జరిగే పనికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. ఎత్తేది అదే బరువు, లేచేది అదే అర్ధరాత్రి. కండరాల క్షీణత ఉన్న పిల్లవాడి తల్లికి ఆ వెయ్యి అందాలి, అందులో రెండో మాట లేదు. కానీ మాలాంటి ఊళ్ళలో మనుషుల్ని మంచాన పడేసేవి ఎక్కువగా రక్తపోటు, పక్షవాతం, రోడ్డు ప్రమాదాలు, పొలం పనుల్లో దెబ్బలు, ముసలితనం. వాటిని వదిలేసిన జాబితా మా ఊరిని వదిలేసినట్టే.

సంరక్షకుల విషయంలో చట్టం కూడా జబ్బు పేరు అడగలేదు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సంరక్షకులు అంటే ఎవరో రాసి ఉంది. తల్లిదండ్రులైనా, కుటుంబంలో ఇంకెవరైనా, డబ్బు తీసుకొని గానీ తీసుకోకుండా గానీ చూసుకునే ఎవరైనా సంరక్షకులేనని అందులో ఉంది. రోజువారీ పనులకు కూడా గట్టి ఆసరా కావలసిన వాళ్ళను చట్టం విడిగా గుర్తించింది. వాళ్ళ కోసం సంరక్షకుల భత్యం పెట్టాలని 24వ సెక్షన్ ప్రభుత్వాలకు చెబుతోంది. తనంతట తాను తినగలడా, కదలగలడా, బట్ట కట్టుకోగలడా అన్నదే కొలత. మన రాష్ట్రం ఆ కొలత పక్కన పెట్టి నాలుగు పేర్లు ఎంచుకుంది. మొదటి ఏడాది కాబట్టి చిన్నగా మొదలుపెట్టి ఉంటారు. అది అర్థం చేసుకోగలను. అక్కడే నిలిచిపోవడం మాత్రం సరికాదు.

ఇక ఇచ్చే డబ్బు సంగతి. నెలకు వెయ్యి అంటే రోజుకు 33 రూపాయలు. 2025-26లో ఉపాధి హామీ పథకం కింద కర్ణాటకకు కేంద్రం ప్రకటించిన కూలి రోజుకు 370. అంటే నెల పొడుగునా, రాత్రీ పగలూ చేసే చాకిరీకి మూడు రోజుల కూలి కూడా పూర్తిగా రావడం లేదు. ఇంటి మనిషి చేసే పనికి విలువ కట్టడం ఎలా అని ఎవరైనా అనవచ్చు. ప్రభుత్వాలు, కోర్టులు ఎప్పటినుంచో కడుతున్నాయి. నూరు శాతం వైకల్యంతో ఇంటికి వచ్చిన సైనికుడికి పూర్తిగా మరొకరి మీద ఆధారపడాల్సి వస్తే పింఛనుతో పాటు నిరంతర సహాయకుని భత్యం ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత అది నెలకు 6,750 అయింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు రోడ్డు ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న ఒక బాలిక కేసు వచ్చింది. ఆమెకు జీవితాంతం ఇద్దరు సహాయకులు కావాలని, ఒక్కొక్కరికి నెలకు 5,000 చొప్పున లెక్క కట్టి 21,60,000 రూపాయలు ఆ ఒక్క పద్దు కిందే ఇప్పించింది. సైన్యంలో గాయపడినా, లారీ కింద పడినా ఆ సేవకు విలువ ఉంది. ఇంట్లో నరం చిట్లి పడిపోతే లేదు. ఇది న్యాయం కాదు.

"తల్లిలాంటి అత్తకు చేసినదానికి కూడా డబ్బా?" అని అడిగేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళకు నేను కోపంతో కాదు, నిజంగానే జవాబు చెప్పాలనుకుంటున్నాను. అత్తమ్మ మీద నాకున్న ప్రేమకు ధర అడగడం లేదు. నేను వదులుకున్న జీతం గురించి అడుగుతున్నాను. ఆ జీతం లేకపోవడం వల్ల అత్తమ్మకు కొనాల్సిన డైపర్లు, గాలి పరుపు, మందులు అప్పు మీద వస్తున్నాయి. నాకు అరవై ఏళ్ళు వచ్చేసరికి చేతిలో పైసా ఉండదు, నడుము ఉండదు. ప్రేమ ఉన్నంత మాత్రాన కిరాణా కొట్టువాడు బాకీ కొట్టేయడు. పైగా ఈ ప్రేమ బాధ్యత ఇళ్ళలో సమానంగా లేదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లో పిల్లల్ని, పెద్దల్ని, రోగుల్ని చూసుకునే పనిలో ఉంటే మగవాళ్ళలో 21.4 శాతమే ఉన్నారు. ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్ళు 74 నిమిషాలు దానికి పెడుతున్నారు. పూర్తిగా మంచాన పడిన మనిషి ఉన్న ఇంట్లో ఈ లెక్క నిమిషాల్లో కాదు, గంటల్లో ఉంటుంది.

బ్రిటన్‌లో 1976లో ఇలాంటి భత్యమే పెట్టి, పెళ్ళయిన ఆడవాళ్ళకు మాత్రం అది వర్తించదన్నారు. వాళ్ళు ఎలాగూ ఇంట్లోనే ఉంటారని వాదన. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ తల్లి కోసం ఉద్యోగం మానేసి, ఈ నియమం మీద యూరప్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1986 జూన్‌లో గెలిచింది. ఆ ప్రభుత్వం నియమం మార్చుకుంది. "ఎలాగూ ఇంట్లోనే ఉంటారు" అన్న మాట మన దగ్గర చట్టంలో రాయలేదు గాని, ఆఫీసుల్లోనూ ఇళ్ళలోనూ అందరి నోటా అదే. అదే దేశంలో తర్వాత ఇంకో తప్పు జరిగింది. భత్యం తీసుకుంటూ చిన్న పని చేసుకున్నవాళ్ళ సంపాదన పరిమితిని కొద్దిగా దాటినా భత్యం మొత్తం పోయేది. వేల పౌండ్లు తిరిగి కట్టమని నోటీసులు వెళ్ళాయి. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టుకుంటే, నాలుగు ట్యూషన్లు చెప్పుకుంటే భత్యం పోయేలా మీ నియమాలు రాయకండి. జర్మనీలో 1995 నుంచి సంరక్షణ బీమా ఉంది. ఇంటి మనిషి చూసుకుంటే రోగికి నెలనెలా నగదు ఇస్తారు, చూసుకునేవాళ్ళ పింఛను ఖాతాలో కూడా కొంత జమ చేస్తారు. ముసలితనంలో ఆ చూసుకున్న మనిషి గతేమిటని వాళ్ళు ఆలోచించారు.

అంత దూరం పోనక్కర్లేదు. కేరళలో 2010లో మొదలైన ఆశ్వాసకిరణం పథకం మంచాన పడ్డవాళ్ళను చూసుకునేవారికి నెలకు 600 ఇస్తుంది. మొత్తం తక్కువే, బకాయిలు కూడా నెలల తరబడి పేరుకున్నాయి. అయినా కొన్ని జబ్బుల పేర్లకే పరిమితం కాకుండా, మరొకరి ఆసరా లేకుండా బతకలేని స్థితి చూసి ఇవ్వవచ్చని ఆ రాష్ట్రం నిరూపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై 1 నుంచి పక్షవాతంతోనో, ప్రమాదంలోనో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు. దాన్ని సరిచూడడానికి 2025 జనవరిలో డాక్టర్ల బృందాలు ఇళ్ళకే వెళ్ళాయి. మంచం మీద ఉన్న మనిషిని జీపులో వేసుకొని జిల్లా కేంద్రానికి తేవాల్సిన పనిలేదని దీన్ని బట్టి తెలుస్తోంది. పట్టణాల్లో, పంచాయతీల్లో మీ శాఖ పునర్వసతి కార్యకర్తలు ఉన్నారు. ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో వాళ్ళకు తెలుసు.

డబ్బు ఎవరి ఖాతాలో వేయాలన్నది చిన్న విషయం కాదు. 2023 ఆగస్టు 30న మైసూరులో మొదలైన గృహలక్ష్మి కూడా మీ శాఖదే. ఇంటి యజమానురాలి ఖాతాలో నెలకు 2,000 నేరుగా వేస్తారు. కోటికి పైగా ఖాతాల్లోకి డబ్బు పంపడం మీకు తెలిసిన పనే. కానీ రేషన్ కార్డులో యజమానురాలిగా ఉండేది చాలా ఇళ్ళలో పెద్దావిడే. మా ఇంట్లో మా అత్తమ్మే. వికలాంగుల పింఛను వచ్చినా ఆమె పేరునే వస్తుంది, రావాలి కూడా. అవి ఆమె హక్కు. ఆమెను కంటికి రెప్పలా కాచే మనిషి పేరు మాత్రం ఏ కాగితం మీదా లేదు. భార్యను చూసుకునే మా వీధి పెద్దాయన మగవాడు గనుక గృహలక్ష్మిలో అసలే రాడు. సంరక్షకుల భత్యం రోగి పింఛనులోంచి కోసి ఇవ్వకుండా, చూసుకునే మనిషి సొంత ఖాతాలో విడిగా పడాలి. ఆడవారైనా మగవారైనా సరే.

ఎంత అంటే, నెలకు కనీసం పది రోజుల ఉపాధి కూలితో మొదలుపెట్టండి. 2025-26 కూలి లెక్కలో 3,700. ముప్పై రోజుల పనికి పది రోజుల కూలి అడగడం అత్యాశ కాదు. కూలి పెరిగినప్పుడల్లా దాంతో పాటే పెరగాలి, లేకపోతే ఐదేళ్ళకు అది మళ్ళీ వెయ్యి రూపాయల పాటి అవుతుంది. డబ్బుతో పాటు ఇంకొకటి కావాలి. ఏడాదిలో కొన్ని రోజులైనా రోగిని నమ్మకంగా అప్పగించే చోటు తాలూకా ఆస్పత్రిలో నాలుగు మంచాలతో ఏర్పాటు చేయండి. చూసుకునే మనిషికి జ్వరం వచ్చినా, కాన్పు అయినా, సొంత తల్లి చనిపోయినా కదలలేని పరిస్థితి మాది. ఇది అనుభవించినవాళ్ళకు డబ్బు కంటే ముందు ఇదే గుర్తొస్తుంది.

ఆడవాళ్ళ పథకాలూ వికలాంగుల పథకాలూ ఒకే మంత్రి చేతిలో ఉండడం మాకు కలిసొచ్చిన విషయం. ఈ రెండూ కలిసే చోటే మేం ఉన్నాం. వచ్చే బడ్జెట్‌లో ఆ నాలుగు జబ్బుల పేర్లు తీసేసి, వాటి స్థానంలో "రోజువారీ పనులకు మరొకరి ఆసరా తప్పనిసరి అయిన ప్రతి ఒక్కరి సంరక్షకులకు" అని రాయించండి. మా హళ్ళిఖేడ్‌కు ఒకసారి రండి. ఏ ఇంటికి వెళ్ళాలో మేం చూపిస్తాం.

ఇట్లు,
హళ్ళిఖేడ్ (బి) నుంచి ఒక కోడలు